విండోస్ ప్రొటియోమిక్స్ సాఫ్ట్‌వేర్‌ను లినక్స్ సర్వర్‌పై నడపడం: ఏ భాగాన్ని తరలించాలి, దేన్ని విండోస్‌లోనే ఉంచాలి

మీ ప్రశ్న సారాంశం ఇది. ల్యాబ్‌లోని విండోస్ కంప్యూటర్‌కు 8 కోర్లు, 32 జీబీ మెమరీ ఉన్నాయి. ఆర్బిట్రాప్ (అణువుల ద్రవ్యరాశిని కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్) నుంచి వచ్చిన 48 రా ఫైళ్లను, అంటే పరికరం రాసిన మూల ఫైళ్లను, ప్రొటీన్లను గుర్తించి పరిమాణాలు తేల్చే మాక్స్‌క్వాంట్‌కు ఇస్తే అది రోజుల తరబడి నడుస్తోంది. సంస్థలో 64 కోర్ల లినక్స్ సర్వర్ ఉంది కానీ అందులో మీకు రూట్ (నిర్వాహకుని పూర్తి) అధికారం లేదు. విండోస్ ప్రోగ్రామ్‌లను లినక్స్‌లో నడిపించే వైన్ పెట్టి మాక్స్‌క్వాంట్‌ను తెరవబోతే విండో తెరుచుకోలేదు. వేరే ల్యాబ్ పంపిన కొన్ని సైఎక్స్ (మరో పరికరాల కంపెనీ) ఫైళ్లు, మీ గైడ్ గారు అడుగుతున్న, థర్మో కంపెనీ సాఫ్ట్‌వేర్ అయిన ప్రొటియోమ్ డిస్కవరర్ ఫలితాలు కూడా ఈ లెక్కలో ఉన్నాయి. వైన్‌ను ఎలా సరిచేయాలని మీరు అడిగారు. మాక్స్‌క్వాంట్‌కు వైన్ అవసరమే లేదు, సైఎక్స్ ఫైళ్లకు అవసరం ఉంది కానీ దాన్ని మీరు చేతితో ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, ప్రొటియోమ్ డిస్కవరర్‌కు మాత్రం వైన్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఈ మూడింటికీ మూడు వేర్వేరు సమాధానాలు ఎందుకు వస్తాయో అర్థమైతే రేపు మరో సాఫ్ట్‌వేర్ ఎదురైనప్పుడు ఎవరినీ అడగకుండానే దారి కనిపెట్టుకోగలరు.

ప్రొటియోమిక్స్ (నమూనాలోని ప్రొటీన్లను మూకుమ్మడిగా గుర్తించి కొలిచే పని) సాఫ్ట్‌వేర్ ఏదైనా లోపల మూడు పనులు చేస్తుంది. పరికరం తయారుచేసిన కంపెనీ తన సొంత ఫార్మాట్‌లో రాసిన ఫైలును చదవడం ఒకటి. అందులోని స్పెక్ట్రాలను (ద్రవ్యరాశి, తీవ్రతల పటాలను) ఫాస్టా (ప్రొటీన్ల వరుసక్రమాల జాబితా) ఫైలులోని ప్రొటీన్ల నుంచి లెక్కగట్టిన పెప్టైడ్లతో (ప్రొటీన్ ముక్కలతో) పోల్చి, స్కోరు వేసి, తప్పుడు గుర్తింపుల శాతాన్ని అదుపు చేసి, పరిమాణాలు తేల్చడం రెండోది. వీటన్నిటినీ మౌస్‌తో నడిపించే తెర మూడోది. విండోస్‌తో ముడి పడి ఉండేది మొదటి పనీ, మూడో పనీ మాత్రమే. పరికరాన్ని నడిపే కంప్యూటర్లు విండోస్‌వే కాబట్టి కంపెనీలు ఫైలు చదివే లైబ్రరీలను కూడా విండోస్ కోసమే రాశాయి. ఆర్బిట్రాప్ తయారీదారు థర్మో వారి పాత ఎంఎస్‌ఫైల్‌రీడర్ విండోస్ రిజిస్ట్రీలో నమోదైతే తప్ప పనిచేయని కామ్ (విండోస్‌కే ప్రత్యేకమైన పద్ధతి) లైబ్రరీ కావడం వల్లే చాలా ఏళ్లపాటు రా ఫైళ్లను లినక్స్‌లో నేరుగా తెరవడం కుదరలేదు. నడుమ ఉన్న రెండో పని, అంటే సెర్చ్, మాత్రం అచ్చంగా అంకగణితం. రోజుల తరబడి సమయం తినేది కూడా అదే. కాబట్టి మీరు సర్వర్‌కు తీసుకుపోవలసింది ఆ నడిమి భాగాన్ని. తెర విండోస్‌లో ఉన్నా నష్టం లేదు. ఫైలు చదవడం ఒక్కటే ఏ కంపెనీ పరికరమో చూసి తేల్చుకోవలసిన విషయం.

మీ అదృష్టం ఏమిటంటే మాక్స్‌క్వాంట్ రచయితలే ఈ పని చేసిపెట్టారు. మ్యూనిక్ పక్కనే మార్టిన్స్‌రీడ్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ బయోకెమిస్ట్రీ సంస్థలో యుర్గెన్ కాక్స్, మథియాస్ మాన్ 2008లో వెలువరించిన ఈ సాఫ్ట్‌వేర్ సీ షార్ప్ భాషలో రాసింది. తొలి పదేళ్లు అది విండోస్‌కే పరిమితమైంది. థర్మో ఈలోగా రాఫైల్‌రీడర్ పేరుతో కామ్ అవసరం లేని డాట్‌నెట్ (సీ షార్ప్ ప్రోగ్రామ్‌లను నడిపే మైక్రోసాఫ్ట్ వేదిక) లైబ్రరీని విడుదల చేయడంతో అడ్డు తొలగింది, 2018లో మాక్స్‌క్వాంట్ లినక్స్‌పై మోనో (డాట్‌నెట్‌కు ప్రత్యామ్నాయం) ద్వారా నడవడం మొదలైంది. 2వ శ్రేణి వెర్షన్లకు వచ్చేసరికి మోనో స్థానంలో మైక్రోసాఫ్ట్ వారి బహుళ వేదికల డాట్‌నెట్ వచ్చింది. అంటే తెర లేని కమాండ్‌లైన్ మాక్స్‌క్వాంట్ లినక్స్‌లో నడవడానికి వైన్ అక్కర్లేదు, డాట్‌నెట్ ఉంటే చాలు. మీకు వైన్‌లో తెరుచుకోనిది ఆ తెర. సర్వర్‌పై దానితో మీకు పనే లేదు.

డాట్‌నెట్ ఇన్‌స్టాల్ చేయడానికి రూట్ అధికారం అవసరం లేదు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఇన్‌స్టాల్ స్క్రిప్టు దాన్ని మీ హోమ్ డైరెక్టరీలోనే పెడుతుంది. ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే కోండా వాడే అలవాటు ఉంటే దాని జీవశాస్త్ర విభాగమైన బయోకోండాలో మాక్స్‌క్వాంట్ ప్యాకేజీయే దొరుకుతుంది. అయితే మాక్స్‌క్వాంట్‌లోని ప్రతి వెర్షనూ ఒక నిర్దిష్ట డాట్‌నెట్ వెర్షన్‌ను కోరుతుంది, పాతదానికి కొత్త డాట్‌నెట్ పెడితే సరిపోతుందిలే అనుకోవద్దు. ఏది కావాలో విడుదల నోట్సులో చూసి సరిగ్గా అదే పెట్టండి.

ఇక్కడ మన సంస్థల సర్వర్లలో తరచుగా ఎదురయ్యే అడ్డంకి ఒకటుంది. కొని ఏళ్లు గడిచిన క్లస్టర్లు (కలిపి వాడే సర్వర్ల గుంపులు) కొన్ని ఇంకా సెంట్‌ఓఎస్ 7 (లినక్స్‌లో ఒక రకం) మీదే నడుస్తూ ఉండవచ్చు. దాని మద్దతు 2024 జూన్ 30తో ముగిసింది. అందులోని జీలిబ్‌సీ (లినక్స్ ప్రోగ్రామ్‌లకు ఆధారమైన మూల లైబ్రరీ) వెర్షన్ 2.17. డాట్‌నెట్ 8కి కనీసం 2.23 కావాలి. కాబట్టి హోమ్ డైరెక్టరీలో ఎంత జాగ్రత్తగా పెట్టినా అది మొదలే కాదు, జీలిబ్‌సీ దొరకలేదన్న సందేశంతో ఆగిపోతుంది. జీలిబ్‌సీని మీరే కంపైల్ చేసి పక్కన పెట్టుకోమని సలహా ఇచ్చేవారు కనిపిస్తారు, దయచేసి ఆ జోలికి వెళ్లవద్దు. ప్రోగ్రామ్‌ను దానికి కావలసిన లినక్స్ ఫైళ్లతో సహా ఒక పెట్టెలో (కంటైనర్‌లో) నడిపే అప్‌టైనర్ ఉందేమో సిస్టమ్ అడ్మిన్‌ను అడగండి. పాత సర్వర్లలో అది సింగ్యులారిటీ అనే పాత పేరుతోనే ఉంటుంది. అది ఉంటే కొత్త ఉబుంటు కంటైనర్ లోపల డాట్‌నెట్, మాక్స్‌క్వాంట్ రెండూ హాయిగా నడుస్తాయి, రూట్ కూడా అవసరం లేదు. కంటైనర్లను నడిపే మరో సాఫ్ట్‌వేర్ డాకర్‌ను అడిగితే మాత్రం క్లస్టర్ అడ్మిన్లు దాదాపుగా ఒప్పుకోరు. డాకర్ వాడే మనిషికి ఆ యంత్రంపై రూట్‌తో సమానమైన అధికారం చేతికి వస్తుంది కాబట్టి వారి అభ్యంతరం సమంజసమే.

డాట్‌నెట్ మొదలై వెంటనే ఐసీయూ లైబ్రరీ కనబడలేదని చెప్పి ఆగిపోతే కంగారు పడవద్దు. భాషలు, తేదీలు, అంకెల రూపాలకు సంబంధించిన లైబ్రరీ అది. కోండాలో ఐసీయూ ప్యాకేజీని చేర్చినా సరిపోతుంది, డాట్‌నెట్ సిస్టమ్ గ్లోబలైజేషన్ ఇన్వేరియంట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 1 అని విలువ ఇచ్చినా సరిపోతుంది. రెండో పద్ధతిలో దశాంశ స్థానంలో ఎప్పుడూ చుక్కే ఉంటుంది, కామా రాదు. జర్మన్ లొకేల్ (దశాంశానికి కామా వాడే భాషా సెట్టింగ్) ఉన్న కంప్యూటర్లలో తయారైన పట్టికలను చదివి ఇబ్బంది పడినవారికి దాని విలువ తెలుసు.

ఇక ఎక్కువమంది చిక్కుకునే చోటు. మాక్స్‌క్వాంట్‌లో మీరు తెరపై ఎంచుకునే ప్రతి అంశమూ ఎంక్యూపార్ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైలులోకి చేరుతుంది, కమాండ్‌లైన్ మాక్స్‌క్వాంట్‌కు ఇవ్వవలసింది ఆ ఒక్క ఫైలే. నా సలహా ఏమిటంటే దాన్ని సర్వర్‌పై చేతితో రాయకండి. విండోస్ కంప్యూటర్‌లో, సర్వర్‌పై ఉన్న వెర్షన్‌నే పెట్టుకుని, తెరపై 48 ఫైళ్లనూ చేర్చి, ఎక్స్‌పెరిమెంట్ పేర్లు, ఫ్రాక్షన్లు (నమూనాను విడగొట్టిన భాగాలు), మాడిఫికేషన్లు (ప్రొటీన్లలోని రసాయన మార్పులు), ఎంజైమ్ అన్నీ నింపి, పారామీటర్లను సేవ్ చేయండి. అప్పుడు ఫైలులో రా ఫైళ్ల జాబితా, ఎక్స్‌పెరిమెంట్ల జాబితా, ఫ్రాక్షన్ల జాబితా, పారామీటర్ గ్రూపుల జాబితా అన్నీ 48 వరుసలతో ఒకే క్రమంలో వస్తాయి. చేతితో సవరించినప్పుడు ఒక జాబితాలో ఒక్క వరుస తగ్గినా ప్రోగ్రామ్ పడిపోతుంది. అంతకంటే ప్రమాదం క్రమం మారడం. ప్రోగ్రామ్ ఏ గొడవా చేయకుండా పూర్తవుతుంది, కంట్రోల్ నమూనా ట్రీట్‌మెంట్ పేరుతో పట్టికలో కూర్చుంటుంది.

ఆ ఫైలును సర్వర్‌కు కాపీ చేసి అలాగే నడిపితే ఫైలు దొరకలేదన్న లోపం వస్తుంది. సందేశాన్ని నిదానంగా చదివితే కారణం అందులోనే కనిపిస్తుంది. సర్వర్‌లో మీ పని డైరెక్టరీ పేరు, దాని వెంటనే ఒక ముందుకు వాలిన గీత, ఆ తర్వాత 'డి' డ్రైవ్ అక్షరంతో మొదలయ్యే విండోస్ పాత్ మొత్తం యథాతథంగా ఉంటాయి. విండోస్‌లో ఫోల్డర్లను విడదీసే బ్యాక్‌స్లాష్ లినక్స్ దృష్టిలో ఫైలు పేరులో రాదగిన మామూలు అక్షరం. కాబట్టి డ్రైవ్, ఫోల్డర్లు, ఫైలు కలిసిన ఆ పొడవాటి వరుసను లినక్స్ ఒకే ఒక ఫైలు పేరుగా భావించి, ఇప్పుడున్న డైరెక్టరీలో దానికోసం వెతికి, లేదని చెబుతోంది. దీన్ని సవరించడానికి మాక్స్‌క్వాంట్ కమాండ్‌లోనే చేంజ్‌ఫోల్డర్ అనే ఆప్షన్ ఉంది. కొత్త ఎంక్యూపార్ పేరు, ఫాస్టా ఫైళ్ల కొత్త ఫోల్డర్, రా ఫైళ్ల కొత్త ఫోల్డర్ ఇస్తే అది పాత్‌లను మార్చి కొత్త ఫైలు రాస్తుంది. పాఠాన్ని వెతికి మార్చే సెడ్ కమాండ్‌తో మీరే మార్చుకున్నా తప్పు లేదు. అయితే రా ఫైళ్ల జాబితాతో ఆగకండి, ఫాస్టా పాత్‌ను, విడిగా నింపి ఉంటే ఫలితాలు చేరే కంబైన్డ్ ఫోల్డర్, టెంప్ ఫోల్డర్ పాత్‌లను కూడా చూడండి. పనంతా అయ్యాక ఫైలులో బ్యాక్‌స్లాష్ కోసం ఒకసారి వెతకండి. ఫాస్టా శీర్షికను విడగొట్టే పార్స్ రూల్‌లో నిలువు గీత ముందు ఉండే బ్యాక్‌స్లాష్‌లు మాత్రమే మిగలాలి. వాటిని ముట్టుకుంటే యూనిప్రాట్ అక్సెషన్లు (ఆ డేటాబేస్‌లో ప్రొటీన్ల గుర్తింపు సంకేతాలు) సరిగా రావు. గుడ్డిగా అన్ని బ్యాక్‌స్లాష్‌లనూ మార్చేసే కమాండ్ చాలామందిని ముంచేది ఇక్కడే. దీనితోపాటు లినక్స్‌లో పెద్ద, చిన్న అక్షరాలు వేర్వేరన్నది గుర్తుంచుకోండి. ఒక ఫైలు పొడిగింపు పెద్ద అక్షరాల్లో, మిగిలిన 47 చిన్న అక్షరాల్లో ఉంటే విండోస్ ఎన్నడూ పట్టించుకోదు, లినక్స్ పట్టించుకుంటుంది.

త్రెడ్ల (ఒకేసారి సాగే పనుల) సంఖ్య కూడా ఎంక్యూపార్‌లోనే ఉంటుంది. సర్వర్‌లో 64 కోర్లు ఉన్నాయి కదా అని 64 అని రాసే ముందు రెండు సంగతులు చూడాలి. త్రెడ్‌కు కనీసం 2 జీబీ మెమరీ ఉండాలన్నది మాక్స్‌క్వాంట్ వారి సూచన. నేనైతే పెద్ద గ్రేడియంట్ (పరికరం ఎక్కువసేపు నడిచిన) ఫైళ్లకు అంతకు రెట్టింపు ఉంచుకుంటాను. రెండో సంగతి, మాక్స్‌క్వాంట్ పనిని ప్రధానంగా ఫైళ్లవారీగా పంచుతుంది. ఫీచర్లను (పెప్టైడ్ల సంకేతాలను) గుర్తించే దశలో ఫైలుకు ఒక ప్రాసెస్ చొప్పున నడుస్తుంది కాబట్టి 48 ఫైళ్లకు 48కి మించిన త్రెడ్లు అక్కడ ఊరికే కూర్చుంటాయి. ప్రొటీన్ గ్రూపులను కూర్చడం, పట్టికలు రాయడం వంటి దశల్లో ఎన్ని కోర్లు ఇచ్చినా వేగం పెరగదు. అందువల్ల 8 కోర్ల నుంచి 64కి వెళ్తే ఎనిమిది రెట్లు వేగం వస్తుందని గైడ్ గారికి మాట ఇవ్వకండి. అలాగే మాక్స్‌క్వాంట్ ఒక్క పనిని అనేక నోడ్లకు (క్లస్టర్‌లోని విడి యంత్రాలకు) పంచదు. పనులను క్యూలో పెట్టి పంచే స్లర్మ్‌లో నాలుగు నోడ్లు అడిగితే మూడు ఖాళీగా ఉంటాయి, క్యూలో మీ వెనక ఉన్నవారు మిమ్మల్ని తిట్టుకుంటారు. ఒక నోడ్, ఒక టాస్క్, ఆ టాస్క్‌కు ఎంక్యూపార్‌లో రాసినన్ని సీపీయూలు అని అడగండి. ఈ సంఖ్య స్లర్మ్ స్క్రిప్టులో పెట్టడం మరచిపోతే 40 త్రెడ్లు ఒకే కోరు మీద పడి కొట్టుకుంటాయి, సర్వర్ మన పీసీ కంటే నెమ్మదిగా ఉందన్న అపవాదు దానికి మిగులుతుంది.

డిస్క్ గురించి అందరూ ఆఖరున ఆలోచిస్తారు, నా ఉద్దేశంలో మొదట ఆలోచించాలి. మాక్స్‌క్వాంట్ ప్రతి రా ఫైలు పక్కనే ఒక ఫోల్డర్‌ను, ఇండెక్స్ ఫైలును సృష్టిస్తుంది, నడుస్తున్నంతసేపూ చిన్న చిన్న ఫైళ్లను ఎడతెగకుండా చదువుతూ రాస్తూ ఉంటుంది. హోమ్ డైరెక్టరీ నెట్‌వర్క్ మీద ఉన్న డిస్క్ అయితే 40 ప్రాసెస్‌లు ఒకేసారి దాన్ని తడితే మీ పనే కాదు, ఆ సర్వర్‌లో లాగిన్ అయిన అందరి పనీ మందగిస్తుంది. నోడ్‌లోనే ఉండే స్క్రాచ్ (తాత్కాలిక) డిస్క్‌కు రా ఫైళ్లను కాపీ చేసి, అక్కడ నడిపి, కంబైన్డ్ ఫోల్డర్‌ను మాత్రం వెనక్కి తెచ్చుకోండి. రా ఫైళ్ల మొత్తం పరిమాణానికి కనీసం రెట్టింపు ఖాళీ ఉంచుకోండి. కాపీ అయ్యాక చెక్‌సమ్ (ఫైలు చెక్కుచెదరలేదని తేల్చే సంకేతం) సరిచూడడం కూడా అలవాటు చేసుకోండి. సగంలో తెగిన రా ఫైలు కొన్నిసార్లు తెరుచుకుంటుంది, కొన్ని గంటలు నడిచాక గానీ లోపం బయటపడదు.

క్లస్టర్లో పనికి కాలపరిమితి ఉంటుంది, పరిమితి దాటితే స్లర్మ్ పనిని చంపేస్తుంది. అలా జరిగితే మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. మాక్స్‌క్వాంట్ కమాండ్‌కు డ్రై రన్ ఆప్షన్ ఇస్తే అది ఏమీ చేయకుండా దశల పేర్లను, వాటి సంఖ్యలను వరుసగా చూపిస్తుంది. పార్షియల్ ప్రాసెసింగ్ ఆప్షన్‌కు ఆగిపోయిన దశ సంఖ్య ఇస్తే అక్కడి నుంచి కొనసాగుతుంది. ఇందుకు స్క్రాచ్‌లోని మధ్యంతర ఫైళ్లు అలాగే ఉండాలి. పని ముగియగానే స్క్రాచ్‌ను తుడిచేసే క్లస్టర్లు ఉన్నాయి, మీది అలాంటిదో కాదో ముందే కనుక్కోండి.

48 ఫైళ్లనూ క్యూలో పెట్టేముందు ఒక్క ఫైలుతో సరిచూడడం తప్పనిసరి. మీ ల్యాబ్‌లో పరికరం బాగోగులు చూడడానికి వాడే హీలా డైజెస్ట్ (హీలా కణాల ప్రొటీన్లను ముక్కలు చేసిన ప్రామాణిక నమూనా) ఫైలు ఏదో ఒకటి ఉండే ఉంటుంది. అదే ఫైలు, అదే ఫాస్టా, అదే మాక్స్‌క్వాంట్ వెర్షన్‌తో విండోస్‌లో ఒకసారి, సర్వర్‌లో ఒకసారి నడపండి. సమ్మరీ పట్టికలో గుర్తించిన స్పెక్ట్రాల సంఖ్య, ప్రొటీన్‌గ్రూప్స్ పట్టికలో వరుసల సంఖ్య, కంటామినెంట్లుగా (బయటి నుంచి చేరినవిగా) గుర్తు పడినవి, రివర్స్‌గా (తప్పులను అంచనా వేయడానికి తిరగేసిన నకిలీ వరుసలుగా) గుర్తు పడినవి పక్కపక్కన పెట్టి చూడండి. దశాంశ స్థానాల చివర్లో తేడా, ఒకే స్కోరు వచ్చిన రెండు పెప్టైడ్ల క్రమంలో తేడా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. గుర్తింపుల సంఖ్యే గణనీయంగా మారితే కారణం ఆపరేటింగ్ సిస్టమ్ అని తొందరపడకండి. నా అనుభవంలో ఫాస్టా వేరే తేదీన దించినది కావడమో, వెర్షన్లు రెండింటిలో ఒకటి కాకపోవడమో బయటపడుతుంది. పట్టికలను పోల్చడానికి ఎక్సెల్ తెరిస్తే జీన్ పేర్ల కాలమ్‌ను టెక్స్ట్‌గా తెచ్చుకోండి. సెప్టిన్ జీన్ల పాత పేర్లను ఎక్సెల్ సెప్టెంబరు తేదీలుగా మార్చేస్తుంది. 2020లో ఆ పేర్లను అధికారికంగానే మార్చారు కానీ పాత ఫాస్టా ఫైళ్లలో ఇంకా అవే ఉన్నాయి.

ఇప్పుడు సైఎక్స్ ఫైళ్ల సంగతి. వాటి విఫ్ ఫార్మాట్‌ను చదివే లైబ్రరీలు విండోస్‌వే కాబట్టి ఇక్కడ వైన్ నిజంగానే పనికొస్తుంది. ప్రొటియోవిజార్డ్ బృందం ఫార్మాట్లు మార్చే తమ ఎంఎస్‌కన్వర్ట్‌ను, దానితోపాటు పీకులను చూసి కొలిచే స్కైలైన్ కమాండ్‌లైన్‌ను వైన్‌తో సహా అమర్చిన డాకర్ ఇమేజ్‌ను విడుదల చేస్తోంది. దాని పేరులోనే కంపెనీల లైసెన్సులకు అంగీకరిస్తున్నానన్న వాక్యం ఉంటుంది. లైబ్రరీలు కంపెనీలవి కాబట్టి ఆ షరతు. అప్‌టైనర్ ఈ ఇమేజ్‌ను దించుకుని తన ఫార్మాట్‌కు మార్చుకోగలదు. అయితే అప్‌టైనర్‌లో నేరుగా వైన్ అని కమాండ్ ఇస్తే వైన్ ప్రిఫిక్స్ (వైన్ తన ఫైళ్లు ఉంచుకునే) డైరెక్టరీ మీది కాదన్న లోపం వస్తుంది. డాకర్‌లో లోపలి మనిషి రూట్, అప్‌టైనర్‌లో లోపలి మనిషి మీరే. తనను నడిపే వ్యక్తి పేరు మీద లేని ప్రిఫిక్స్‌ను వైన్ తాకదు. ఈ ఇబ్బంది కోసమే ఆ ఇమేజ్‌లో మైవైన్ అనే చిన్న స్క్రిప్టు పెట్టారు, వైన్ స్థానంలో దాన్ని పిలవండి. లేదంటే ప్రిఫిక్స్‌ను మీరు రాయగల డైరెక్టరీలోకి కాపీ చేసి, వైన్‌ప్రిఫిక్స్ వేరియబుల్‌ను అటు చూపించండి.

విఫ్‌ను ఎంజడ్‌ఎంఎల్ (అన్ని కంపెనీలకూ ఉమ్మడి ఫార్మాట్)గా మార్చడంలో రెండు జాగ్రత్తలు కావాలి. విఫ్ ఫైలుతోపాటు అదే పేరుతో విఫ్ డాట్ స్కాన్ అనే రెండో ఫైలు ఉంటుంది, అసలు స్పెక్ట్రాలు ఉండేది అందులోనే. మెయిల్‌లోనో డ్రైవ్‌లోనో విఫ్ ఒక్కటే పంపించే మిత్రులు అందరికీ ఉంటారు. రెండోది, చాలా సెర్చ్ ఇంజన్లు సెంట్రాయిడ్ చేసిన (ప్రతి పీకునూ ఒకే బిందువుగా కుదించిన) స్పెక్ట్రాలనే కోరతాయి. ఎంఎస్‌కన్వర్ట్‌లో పీక్ పికింగ్ ఫిల్టర్‌ను మిగిలిన ఫిల్టర్లన్నిటి కంటే ముందు పెట్టాలి. వేరే ఫిల్టర్ ముందుంటే కంపెనీ లైబ్రరీ చేసే సెంట్రాయిడింగ్ అందుబాటులో ఉండదు. వచ్చే ఎంజడ్‌ఎంఎల్ ఫైలు మూలం కంటే పెద్దది కావడం మామూలే, కాబట్టి జడ్‌లిబ్ కుదింపు పెట్టుకోండి.

థర్మో రా ఫైళ్లను ఎంజడ్‌ఎంఎల్‌గా మార్చవలసి వస్తే ఇంత బరువు అక్కర్లేదు. థర్మోరాఫైల్‌పార్సర్ అనే చిన్న ప్రోగ్రామ్ అదే రాఫైల్‌రీడర్ లైబ్రరీ మీద ఆధారపడి లినక్స్‌లో వైన్ లేకుండా నడుస్తుంది, బయోకోండాలో దొరుకుతుంది. ఒక్కో ఫైలు మార్పిడికి మరో ఫైలుతో సంబంధం లేదు కాబట్టి స్లర్మ్ అర్రే జాబ్‌కు (ఒకే పనిని అనేక ఫైళ్లపై విడివిడిగా నడిపే పద్ధతికి) ఇది చక్కగా సరిపోతుంది. మాక్స్‌క్వాంట్ కోసమైతే మార్చకండి, దానికి రా ఫైళ్లనే ఇవ్వండి. బ్రూకర్ టిమ్స్‌టాఫ్ ఫైళ్లు మీకు లేవు కానీ రేపు రావచ్చు. వాటిని చదివే లైబ్రరీని బ్రూకర్ లినక్స్‌కు కూడా ఇస్తోంది, వైన్ అక్కర్లేదు. వాటర్స్, అజిలెంట్ పరికరాల 'ఫైళ్లు' నిజానికి ఫోల్డర్లు, వాటికి ఎంఎస్‌కన్వర్ట్ కంటైనరే దారి.

మాక్స్‌క్వాంట్‌కే కట్టుబడి ఉండవలసిన అవసరం లేకపోతే అసలే లినక్స్‌లో పుట్టినంత సహజంగా నడిచేవి ఉన్నాయి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో అలెక్సీ నెస్విజ్‌స్కీ బృందం తయారుచేసిన ఫ్రాగ్‌పైప్, అందులోని ఎంఎస్‌ఫ్రాగర్ జావాలో రాసినవి. తెరపై వర్క్‌ఫ్లో సేవ్ చేసుకుని, సర్వర్‌లో హెడ్‌లెస్ (తెర లేని) పద్ధతిలో వర్క్‌ఫ్లో ఫైలు, ఫైళ్ల జాబితా ఇస్తే చాలు, థర్మో రా ఫైళ్లను లినక్స్‌లో నేరుగా చదువుతుంది. వేగంలో మాక్స్‌క్వాంట్ దానికి సాటి రాదు, ముఖ్యంగా మాడిఫికేషన్లు ఎక్కువ పెట్టినప్పుడు. మెమరీ మాత్రం ధారాళంగా ఇవ్వాలి. డేటాను డీఐఏ (పెప్టైడ్లను ఎంపిక చేయకుండా అన్నిటినీ ముక్కలు చేసి కొలిచే) పద్ధతిలో సేకరించి ఉంటే వదీమ్ దెమిచెవ్ రూపొందించిన డీఐఏ-ఎన్ఎన్‌కు లినక్స్ వెర్షన్ ఉంది. దాని పాత వెర్షన్లకు లినక్స్‌లో ఎంజడ్‌ఎంఎల్ ఇవ్వవలసి ఉండేది. రస్ట్ భాషలో రాసిన సేజ్ ఇంకా తేలికైనది, ఎంజడ్‌ఎంఎల్ ఇస్తే నిమిషాల్లో తేల్చేస్తుంది. ఈ లైసెన్సుల్లో కొన్ని విద్యాసంస్థలకు మాత్రమే ఉచితం, మీ ప్రాజెక్టుకు కంపెనీ నిధులుంటే షరతులు చదవండి. అయితే ఒక ప్రాజెక్టు మధ్యలో ఇంజన్ మార్చడం నాకు ఇష్టం ఉండదు. సగం నమూనాలకు మాక్స్‌క్వాంట్ పరిమాణాలు, సగానికి ఫ్రాగ్‌పైప్ పరిమాణాలు ఒకే పట్టికలో కలపకూడదు. మారాలనుకుంటే 48 ఫైళ్లనూ మళ్లీ నడపండి, ఆ వేగంలో అదేమంత భారం కాదు.

ప్రొటియోమ్ డిస్కవరర్ విషయంలో నా మాట సూటిగా చెబుతాను: దాన్ని విండోస్‌లోనే ఉంచండి. అందులో ఫైలు చదివే భాగం, సెర్చ్, తెర, లైసెన్సు తనిఖీ విడదీయలేనంతగా కలిసిపోయి ఉన్నాయి, వాటిలో ఒక్కదాన్ని లినక్స్‌కు తీసుకురావడం కుదరదు. సర్వర్ కోర్లనే వాడాలన్న పట్టుదల ఉంటే కేవీఎం (లినక్స్‌లో వర్చువల్ మెషీన్లు నడిపే వ్యవస్థ) మీద విండోస్ వర్చువల్ మెషీన్ పెట్టమని అడ్మిన్‌ను కోరాలి. అలా చేసేటప్పుడు ఒక చిన్న సెట్టింగ్ మొత్తం ఫలితాన్ని తారుమారు చేస్తుంది. వర్చువల్ మెషీన్‌కు 32 సీపీయూలు ఇస్తే కొన్ని అమరికలు వాటిని 32 విడివిడి సాకెట్లుగా (ప్రాసెసర్ చిప్‌లుగా) చూపిస్తాయి. విండోస్ 10 హోమ్ ఒక్క సాకెట్‌నే, ప్రో రెండు సాకెట్లనే వాడతాయి. ప్రోలో టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే 32 ఇచ్చినచోట రెండే కనిపిస్తాయి. ఒక సాకెట్, అందులో 32 కోర్లు అని టోపాలజీని స్పష్టంగా రాయించండి. రా ఫైళ్లను షేర్డ్ ఫోల్డర్‌లో ఉంచకుండా వర్చువల్ డిస్క్ లోపలికి కాపీ చేసుకోండి. లైసెన్సును యంత్రానికి ముడిపెట్టి ఇచ్చి ఉంటే వర్చువల్ మెషీన్‌ను ఒక హోస్ట్ నుంచి మరోదానికి మార్చినప్పుడు అది చెల్లకుండా పోవచ్చు కాబట్టి కొనుగోలు విభాగంతో ముందే మాట్లాడండి. ఇంత తంటా పడే బదులు, మాక్స్‌క్వాంట్ పని సర్వర్‌కు వెళ్లాక ఖాళీ అయ్యే మీ 8 కోర్ల విండోస్ కంప్యూటర్‌ను ప్రొటియోమ్ డిస్కవరర్‌కు అప్పగించి, రిమోట్ డెస్క్‌టాప్‌తో వాడుకోవడం మేలని నా అభిప్రాయం. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారి స్కైలైన్‌కూ ఇదే వర్తిస్తుంది. కళ్లతో పీకులు చూసి హద్దులు సరిచేసే పని తెర మీదే చేయాలి, రాత్రిపూట ఫైళ్లను దిగుమతి చేసి రిపోర్టులు తీసే పని మాత్రం పైన చెప్పిన కంటైనర్‌లోని కమాండ్‌లైన్‌కు వదిలేయవచ్చు.

మీ క్రమం ఇలా ఉండవచ్చు: ముందు జీలిబ్‌సీ వెర్షన్, అప్‌టైనర్ ఉనికి, స్క్రాచ్ నియమాలు అడ్మిన్ నుంచి తెలుసుకోండి, తర్వాత హీలా ఫైలుతో రెండు చోట్లా సరిచూడండి, ఆ తర్వాతే 48 ఫైళ్లు. ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడ రాసేటప్పుడు తెర మీద వచ్చిన చివరి వాక్యం మాత్రమే పెట్టకండి, అందులో సాధారణంగా అసలు కారణం ఉండదు. కంబైన్డ్ ఫోల్డర్‌లో ప్రాక్ అనే ఫోల్డర్ ఉంటుంది, మాక్స్‌క్వాంట్ ప్రతి దశకూ అందులో ఫైళ్లు రాస్తుంది. పేరులో ఎర్రర్ అని ఉన్న ఫైళ్లలో తేదీ, సమయం ప్రకారం అన్నిటికంటే ముందుది తెరిచి అందులోని పాఠాన్ని, మాక్స్‌క్వాంట్ వెర్షన్‌ను, డాట్‌నెట్ వెర్షన్‌ను, స్లర్మ్ స్క్రిప్టును జతచేయండి.